ఇవతలి గట్టు నుంచి ఇవతలి గట్టుకి

మనిషికి డెబ్బై దాటాక పళ్ళు రాలడం అందరూ చూస్తారు, జుట్టు రాలడం అద్దం చూస్తుంది. 'ఒరేయ్' అని పిలిచేవాళ్ళు రాలిపోవడం మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. గడియారాల తాత లెక్కపెట్టాడు. యాభై ఏళ్ళు కంటికి భూతద్దం బిగించుకుని ఊరివాళ్ళ నిమిషాలు బాగుచేసిన మనిషి, లెక్క తప్పుతాడా?

అమ్మానాన్నల వంతు ఎప్పుడో అయిపోయింది. మేనమామ వెళ్ళిపోయాడు. బడిలో పక్కన కూర్చుని నెత్తిన మొట్టికాయలు వేసిన స్నేహితుడు, వేసినన్నాళ్ళు వేసి చెప్పాపెట్టకుండా పోయాడు. పని నేర్పిన గురువు 'ఒరేయ్' తర్వాత ఒక తిట్టు జతచెయ్యకుండా నోరు మూసి ఎరగడు. ఆ నోరూ మూతపడింది. ఇప్పుడు కొడుకు 'నాన్నా' అంటాడు, కోడలు 'మామయ్యగారూ' అంటుంది, వీధంతా 'తాతా' అంటుంది, మందుల షాపువాడు 'సార్' అంటాడు. ఇన్ని గౌరవాలు ఒక్కసారిగా మీదపడితే ఎవరికైనా ఊపిరాడుతుందా?

మిగిలింది ఒక్కతే. అక్క. తనకన్నా నాలుగేళ్ళు పెద్దది. ఆ అక్క కాలవ అవతల ఉంది.

ఆ కాలవలో ఎండాకాలం నీళ్ళు తక్కువ, బురద ఎక్కువ. దిగినవాడు మళ్ళీ ఎక్కడం కల్ల. వానాకాలం మాత్రం దానికి పూనకం వస్తుంది. మూడేళ్ళ కిందట వచ్చిన వరదలో ఒక చెక్క బీరువా నిలువునా కొట్టుకొచ్చిందనీ, గట్టుకి తగిలాక తలుపు తీస్తే లోపల బట్టలు మడత నలగలేదనీ ఎగువ వీధిలో చెప్పుకుంటారు. తాతని అడిగితే, బట్టలదేముంది, పై అరలో ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగా ఉందంటాడు. బీరువా సంగతి ఎలా ఉన్నా, రెండు వీధుల మధ్యా ఉన్న చెక్క వంతెన ఆ వరదకే పోయింది. అది మాత్రం నిజం.

వంతెన ఉన్న రోజుల్లో సాయంత్రం అయిదు కొట్టగానే తాత కొట్టు తలుపు దించేవాడు. ఎగువ వీధి చివర వంతెన ఎక్కి, దిగువ వీధి పెరళ్ళ వైపు దిగి, అక్క వెనక గుమ్మం మెట్టు మీద కూర్చునేవాడు. అక్క పై మెట్టు, తాను కింది మెట్టు. అక్క చొక్కాలకి గుండీలు కుట్టుకుంటూ ఉండేది. మాటలంటే పెద్ద మాటలేమీ కావు. "ఒరేయ్, సూదిలో దారం ఎక్కించు." "ఒరేయ్, ఆ చొక్కా ఏమిట్రా, కాలరు చూసుకున్నావా?" "ఒరేయ్, నడుం వంచి కూర్చోకు, గూని వస్తుంది." డెబ్బై నాలుగేళ్ళ మనిషికి గూని వస్తుందని భయపెట్టే మనిషి లోకంలో ఇంకొకరు ఉంటారా?

అయితే అందులో ఒక మెలిక ఉంది. ఆ 'ఒరేయ్' ఆ మెట్ల మీదే పలికేది. మూడో మనిషి కనబడితే అక్క నోటికి తాళం పడేది. "కోడలు వచ్చిన ఇంటికి పెద్దమనిషివి. పదిమందిలో ఒరేయ్ అంటే నీకేం మర్యాదరా?" అనేది. అది కూడా 'రా' తోనే అనేది, ఎవరూ లేరు కాబట్టి.

వంతెన పోయాక రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్ళాలంటే తొమ్మిది కిలోమీటర్లు, రెండు బస్సులు. మొదటి ఏడాది తాత వెళ్ళాడు. నాలుగోసారి బస్సు మెట్టు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. బస్సు ఎక్కొద్దని డాక్టరు అన్నాడు. కోడలు కూడా అంది. డాక్టరు మాట మందులతో పాటే అయిపోయింది, కోడలి మాట మిగిలింది. అక్కకేమో మోకాళ్ళు. గుమ్మం దిగడమే ఆవిడకి ప్రయాణం. ఏడాదికి రెండుసార్లు కొడుకు కారులో తీసుకెళ్తాడు. అప్పుడు ముందుగదిలో కుర్చీలు వేసి, అందరి మధ్యా అక్క, "రా నాయనా, కూర్చో. ప్రయాణం బాగా జరిగిందా?" అంటుంది. పరాయి ఇంటికి పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు తాత మంచినీళ్ళు తాగి వచ్చేస్తాడు.

ఫోన్ ఉంది కదా అంటారు. ఉంది. అక్కకి చెవులే ఉండాల్సినంత లేవు. "అక్కా, నేనే" అని తాత అరిస్తే, "ఎవరండీ? గ్యాసాయనా? రేపు తీసుకురండి" అని పెట్టేస్తుంది. తోడబుట్టిన అక్క చేత 'అండీ' అనిపించుకున్న రోజున తాత అన్నం సరిగ్గా తినలేదు.

అందుకని సాయంత్రం అయిదింటికి గట్టు మీద నిలబడి తువ్వాలు ఊపుతాడు. అటు అక్క వెనక గుమ్మంలోకి వచ్చి కొంగు ఊపుతుంది. పక్కనే కోత మిల్లు రంపం రయ్యిమని తిరుగుతూ ఉంటుంది, ఏమీ వినబడదు. మిల్లుకి సెలవున్న రోజున కూడా అక్క గొంతు సన్నబడిపోయి మాట సగం దూరంలోనే కాలవలో పడిపోతుంది. కానీ తాత కళ్ళు గడియారాల కళ్ళు. అంత దూరం నుంచీ అక్క నోరు ముందు గుండ్రంగా తెరుచుకుని తర్వాత పక్కలకి సాగడం కనిపిస్తుంది. ఆ గుండ్రం 'ఒ'. ఆ సాగడం 'రేయ్'. మాట ఆకారం చేరుతుంది, మాట చేరదు. ముల్లు తిరుగుతూ గంట కొట్టని గడియారంలా.

*

ఎగువ వీధికి ఒక సంఘం ఉంది. దాని అధ్యక్షుడు పనిమానేసిన బస్సు కండక్టరు. మాట మొదలుపెట్టాలన్నా ముగించాలన్నా 'రైట్ రైట్' అంటాడు కాబట్టి ఆయన్ని అందరూ రైట్ రైట్ గారనే అంటారు. కార్యదర్శి మన తాత, చేతిరాత బాగుంటుందని. దిగువ వీధికీ ఒక సంఘం ఉంది. దాని అధ్యక్షురాలు పనిమానేసిన నర్సమ్మ. ఏం చెప్పినా ఇంజెక్షను ఇచ్చే ముందు చెప్పినట్టు, "ఏం కాదు, చీమ కుట్టినట్టు ఉంటుందంతే" అంటుంది. ఆవిడ ఆ మాట అన్నాక ఏదో ఒకటి అయితీరుతుంది.

ఈ రెండు సంఘాలకీ ఎప్పుడూ పడలేదు. చెత్తబండి ముందు ఎటు రావాలి, కుళాయి నీళ్ళు ముందు ఎవరికి వదలాలి, దోమల మందు పొగ గాలికి ఎటు పోయింది, అన్నీ తగువులే. ఎగువ వీధివాళ్ళు దిగువ వీధిని 'అవతల' అంటారు. దిగువ వీధివాళ్ళు ఎగువ వీధిని 'అవతల' అంటారు. పిల్లి తప్పిపోతే అవతలోళ్ళే, కరెంటు పోతే అవతలోళ్ళే.

కొత్త వంతెన కోసం ఎగువ సంఘం ఒక అర్జీ పెట్టింది. అవతలోళ్ళు ముందే పెట్టేస్తారేమోనని హడావిడిగా పెట్టింది. దిగువ సంఘం కూడా అదే భయంతో అదే వారం ఇంకో అర్జీ పెట్టింది. ఎవరికి వాళ్ళు రహస్యంగానే పెట్టారు. ఇసుకా, కంకరా, ఇనుప చువ్వలూ తమ వీధిలో కుప్పలు పోస్తారేమోనని ఎగువ సంఘం భయం.

"కార్యదర్శిగారూ, రాయండి. సామాను దించడానికీ పని మొదలుపెట్టడానికీ అనువైన చోటు అవతలి గట్టు. రైట్ రైట్" అన్నాడు అధ్యక్షుడు.

తాత రాశాడు. ఆయనకి గట్టుతో పనిలేదు. ఎటునుంచి మొదలైనా అయిదింటికల్లా ఆ మెట్టు మీదికి చేర్చే వంతెన అయితే చాలు. దిగువ సంఘంలో నర్సమ్మ కూడా సరిగ్గా అదే రాయించింది. "అనువైన చోటు అవతలి గట్టు."

కాలవల ఆఫీసు నుంచి కుర్ర ఇంజినీరు కారులో వచ్చాడు. ఎగువ వీధిలో దిగి, "అవతలి గట్టు ఎక్కడండీ?" అన్నాడు. అందరూ అటు చూపించారు. తొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిరిగి దిగువ వీధికి వెళ్ళి, "అవతలి గట్టు ఇదేనా?" అన్నాడు. "అబ్బే, ఇది ఇవతల కదండీ, అవతల అదిగో" అని అందరూ ఇటు చూపించారు. మళ్ళీ తొమ్మిది తిరిగొచ్చాడు. ఇక్కడివాళ్ళు మళ్ళీ అటు చూపించారు. అలా ఆ రోజు ఏడుసార్లు తిరిగాడనీ, ఆఖరిసారి డ్రైవరు స్టీరింగు వదిలేసినా కారు దానంతటదే మలుపులు తిరిగిందనీ తాత చెబుతాడు. మూడుసార్లు తిరిగిన మాట వాస్తవం.

వారానికి రెండు సంఘాలకీ ఒకే ఉత్తరం వచ్చింది. రైట్ రైట్ గారు సంఘం గదిలో నిలబడి పైకి చదివాడు.

"రెండు అర్జీలలోనూ స్థలము అవతలి గట్టు అని పేర్కొనబడినది. విచారణలో అట్టి గట్టు ఏదియు కనబడలేదు. మరియు రెండు అర్జీలూ ఒకే చేతిరాతలో ఉన్నవి. ఇది ఎవరో ఒక ఆకతాయి చేసిన పనిగా తోచుచున్నది. రాసినది ఇద్దరు వ్యక్తులే అయినచో వారు పది రోజులలోగా స్వయముగా హాజరై మా ఎదుట రాసి చూపవలెను. లేనియెడల ఫైలు మూసివేయబడును."

చదవడం అయ్యాక ఈసారి 'రైట్ రైట్' కూడా రాలేదు. అందరూ తాత వైపు తిరిగారు.

"తాతా, అవతలోళ్ళకి కూడా నువ్వే రాసిపెట్టావా?"

"నేనా? అవతలికి వెళ్ళే దారే ఉంటే అర్జీ ఎందుకురా?"

"మరి నీ రాత అక్కడికెలా వెళ్ళింది? ఈదుకుంటూ వెళ్ళిందా?"

ఉత్తరానికి రెండు అర్జీల నకళ్ళూ గుచ్చి ఉన్నాయి. తాత రెండోది తీసి కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ప్రతి తలకట్టూ గాలికి ఒరిగిన గొడుగులా కుడివైపుకి వాలి ఉంది. సున్నాలు మూతి పూర్తిగా మూసుకోకుండా కొంచెం తెరుచుకుని ఉన్నాయి, మాట మధ్యలో ఆగినట్టు.

"ఇది నా రాత కాదు" అన్నాడు. "నాదే ఈ రాత. అంటే... ఇది మా అక్కది. నేను రాసేదే మా అక్క రాత."

చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది అక్కే. బడికి వెళ్ళాక కూడా తాత సొంతంగా రాసిందేమీ లేదు. అక్క పలక మీదికి మెడ సాచి చూసి రాసేవాడు. ఆవిడ మోచెయ్యి అడ్డం పెట్టి, "ఒరేయ్, నీ పలక నువ్వు చూసుకో!" అనేది. అన్నాక రెండు క్షణాలకి మోచెయ్యి తనే తీసేసేది. అలా నేర్చిన రాత ఇంకెవరిలా ఉంటుంది? ఇన్నేళ్ళ తర్వాత ఆ రాతే వంతెనకి అడ్డం పడింది.

*

పది రోజులు. అక్కని ఆఫీసుకి తీసుకురావాలంటే దిగువ సంఘం పూనుకోవాలి. దిగువ సంఘంతో మాట్లాడాలంటే ఎవరో ఒకరు ముందు అవతలికి వెళ్ళాలి. వెళ్తే లోకువైపోతామని రెండు సంఘాలకీ పట్టుదల. చివరికి ఎవరి గట్టు మీద వాళ్ళే కూర్చుని మాట్లాడుకుందామన్నారు. మిల్లు ఆసామి ఒక గంట రంపం ఆపుతానన్నాడు. ఇటొక మైకు, అటొక మైకు పెట్టారు.

"రైట్ రైట్! తప్పంతా మీ అర్జీది!" అని ఇటు మైకు అంది.

"ఏం కాదు, చీమ కుట్టినట్టు ఉంటుంది గానీ చెప్పాల్సిందే, తప్పు మీ అర్జీది!" అని అటు మైకు అంది.

ఆ రెండు మైకుల మధ్యా మాటలు కలిసిపోయి ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలియకుండా పోయింది. ఇటువైపు ఒకావిడ పొరపాటున తన సొంత సంఘాన్నే పావుగంట కడిగిపారేసిందంటారు. అరగంటకి రెండు వైపులా గొంతులు పోయాయి. గొంతులు పోయాక పని మొదలైంది. రేపు ఎవరి బండిలో వాళ్ళని తీసుకురావడం, ఆఫీసు గేటు దగ్గర కలుసుకోవడం, రెండు సంఘాలూ కలిసే లోపలికి వెళ్ళడం అని తేలింది.

అప్పుడు నర్సమ్మ మైకులో, "ఇదిగో, కార్యదర్శిగారి అక్కగారు ఇక్కడే ఉన్నారు. తమ్ముడితో ఒక మాట మాట్లాడతారట" అంది.

తాత కుర్చీలోంచి లేచాడు. కర్ర కిందపడింది, తీసుకోలేదు. రంపం ఆగి ఉంది. గాలి ఇటే వీస్తోంది. రెండేళ్ళుగా ఆకారం తప్ప వినని మాట ఇప్పుడు మైకులోంచి, రెండు వీధులూ దద్దరిల్లేలా రాబోతోంది. నర్సమ్మ మైకు అక్క నోటి దగ్గర పెట్టింది. కొంచెంసేపు కుయ్యిమంది. తర్వాత గొంతు వచ్చింది.

"తమ్ముడుగారికి నమస్కారం. అంతా కులాసాయేనా? ఒంట్లో జాగ్రత్త."

రెండు గట్ల మీదా చప్పట్లు కొట్టారు. తాత నెమ్మదిగా కూర్చున్నాడు. పక్కనున్న రైట్ రైట్ గారు, "ఎంత మర్యాదండీ మీ అక్కగారికి!" అన్నాడు.

"మర్యాదకేం" అన్నాడు తాత. "కొరత లేదు."

*

మర్నాడు కాలవల ఆఫీసు గేటు దగ్గర రెండు బండ్లు ఆగాయి. ఇంజినీరు గది మేడ మీద ఉంది. ఇరవై రెండు మెట్లు. తాత కర్ర పోటుతో ఎలాగో ఎక్కగలడు, అక్క రెండో మెట్టు చూసే ఆగిపోయింది. రెండు సంఘాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. గుమాస్తా బల్ల వెనక నుంచి ఒక కుర్చీ తెచ్చి అక్కని కూర్చోబెట్టి, ఒక పక్క రైట్ రైట్ గారు, ఇంకో పక్క నర్సమ్మ పట్టుకున్నారు. వెనక ఇద్దరు ఎగువ వీధివాళ్ళు, ఇద్దరు దిగువ వీధివాళ్ళు.

"హోల్డాన్! అమ్మగారు సర్దుకోండి. రైట్ రైట్!"

"ఏం కాదు, చీమ కుట్టినట్టు ఉంటుంది."

"ఎవరికి?"

"ఎత్తేవాళ్ళకి."

కుర్చీ లేచింది. ఆ రెండు సంఘాలూ ఒకే బరువు మోయడం చరిత్రలో అదే మొదటిసారి. పదకొండో మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు, "అవతల పట్టండి, అవతల!" అని ఎవరో అరిస్తే, కుర్చీకి రెండు వైపులా ఉన్నవాళ్ళూ ఒకేసారి చేతులు మార్చుకున్నారు. అక్క పడబోయి నిలదొక్కుకుంది. వెనకనే ఎక్కుతున్న తాత ప్రాణం సగం పోయి, మళ్ళీ వచ్చింది.

ఇంజినీరు తన బల్లకి ఇటు ఒక కుర్చీ, పక్కనే ఇంకో కుర్చీ వేయించాడు. రెండేళ్ళ తర్వాత అక్కా తమ్ముడూ ఇంత దగ్గరగా, పక్కపక్కన కూర్చున్నారు. అక్క చేతి వెనక నరాలు తేలాయి. తాత చెవుల మీద తెల్ల వెంట్రుకలు మొలిచాయి. ఇద్దరూ అది చూసుకుని ఏమీ అనలేదు. చుట్టూ పదిమంది ఉన్నారు మరి.

"ఇద్దరికీ చెరో కాగితం ఇస్తున్నాను. నేను చెప్పింది రాయండి" అని ఇంజినీరు గట్టిగా మొదలుపెట్టాడు. "కాలువకు ఇరువైపులా నివసించు ప్రజల సౌకర్యార్థము..."

రెండు కలాలు కదిలాయి. ప్రజల దాకా బాగానే వెళ్ళింది. 'సౌకర్యార్థము' దగ్గర తాత కలం ఆగింది. చదివింది అయిదో తరగతి, తర్వాత రాసిందంతా గడియారాల చీటీలూ సంఘం అర్జీలూ. 'ర్థ' కింద ఏది ముందు, ఏది వెనక? ఆయన ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేవాడు కాదు. డెబ్బై ఏళ్ళ నాటి అలవాటు మెడలోంచి దానంతటదే లేచింది. మెడ కుడివైపుకి సాగింది, కళ్ళు అక్క కాగితం మీదికి వెళ్ళాయి.

అక్క తలెత్తలేదు. మోచెయ్యి ఠక్కున అడ్డం పడింది.

"ఒరేయ్! నీ పలక నువ్వు చూసుకో!"

చెవులు సరిగ్గా వినబడని మనిషి గొంతు ఎంత పెద్దదో ఆ గదిలోవాళ్ళకి అప్పుడు తెలిసింది. బయట బల్ల దగ్గర గుమాస్తా కూడా ఉలిక్కిపడి తన కాగితాలు తను చూసుకున్నాడు. ముందు ఇంజినీరు నవ్వాడు. తర్వాత నర్సమ్మ, తర్వాత రైట్ రైట్ గారు. గది గదంతా ఘొల్లుమంది. అక్క నాలిక కరుచుకుని, మొహం ఎర్రగా చేసుకుని, "అయ్యో, రాయి నాయనా... రాయండి, చూసుకునే రాయండి" అంది.

తాత నవ్వలేదు. కలం కాగితం మీద ఆగిన చోటే సిరా చుక్క పెద్దదవుతోంది. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచింది అద్దాలని కాదని అక్కకి ఒక్కదానికే తెలిసింది. రెండు క్షణాల తర్వాత, ఎప్పటిలాగే, మోచెయ్యి తీసేసింది.

"చాలండి" అన్నాడు ఇంజినీరు. "ఒకరు ఇద్దరిగా నటించొచ్చు గానీ ఈ మాట నటించలేరు. రాతల సంగతి తేలిపోయింది. ఇంక ఆ అవతలి గట్టు సంగతి చెప్పండి. కాగితంలో ఏం రాయను? నేను ఇంకోసారి తిరగలేను."

రెండు సంఘాలూ ఒకేసారి నోరు తెరిచాయి. అవతల అంటే మీవైపు, కాదు మీవైపు. ఇసుక కుప్పలు మీకు, కంకర మీకు. పదకొండో మెట్టు మీద కలిసినవాళ్ళు ఇరవై రెండో మెట్టు దాటగానే విడిపోయారు. అక్కకి ఆ గోలలో సగమే వినబడింది. ఆ సగమే చాలింది. ఇంజినీరు ముందున్న అర్జీ తన వైపు లాక్కుని, 'అవతలి' అన్న మాటలో 'అ' కొట్టేసి పైన 'ఇ' రాసింది. తమ్ముడి అర్జీ కూడా లాక్కుని అందులోనూ అలాగే దిద్దింది. కలం తమ్ముడి చేతిలో పెట్టి, కొత్త కాగితం చూపించింది.

తాతకి అర్థమైంది. ఈసారి ఎవరి పలకా చూడకుండా రాశాడు. "ఇవతలి గట్టు నుంచి ఇవతలి గట్టుకి వంతెన కావలెను. సామాను ఇవతలే దించవలెను."

ఇంజినీరు రెండుసార్లు చదివాడు. "ఏ ఇవతల అండీ?"

"ఎక్కడ నిలబడితే అక్కడ" అన్నాడు తాత. "మీరు ఎటునుంచి వచ్చినా దొరుకుతుంది. తిరగక్కర్లేదు."

రైట్ రైట్ గారు తల గోక్కున్నాడు. నర్సమ్మ పెదవి కొరుక్కుంది. అంటే సగం సామాను ఇటు, సగం సామాను అటు. ఇద్దరికీ నష్టం సమానంగా ఉంది కాబట్టి ఇద్దరూ సంతకం పెట్టారు. మెట్లు వద్దు, రెండు వైపులా వాలు కట్టాలి, మోకాళ్ళవాళ్ళున్నారు అని నర్సమ్మ కింద ఒక వాక్యం చేర్పించింది. తుంటివాళ్ళు కూడా ఉన్నారని రైట్ రైట్ గారు ఇంకొకటి చేర్పించాడు.

కుర్చీ మళ్ళీ కిందికి దిగింది. గేటు దగ్గర రెండు బండ్లు రెండు వైపులా తిరిగి ఉన్నాయి. తాత అక్క బండి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏదో అనాలనుకున్నాడు. పక్కన నర్సమ్మ, ముందు డ్రైవరు, వెనక సంఘం. అక్క ఆయన చొక్కా కాలరు చూసింది. మడత పడి ఉంది. చెయ్యి బయటికి చాపి సరిచేసి, "వెళ్ళొస్తాం నాయనా" అంది. బండి కదిలింది.

*

వంతెన వచ్చింది. కాగితం మీద. వానలు వెనకపట్టాక పని మొదలని ఉత్తరం వచ్చింది. ఇటు గట్టు మీద రెండు, అటు గట్టు మీద రెండు ఎర్ర తలల కొయ్యమేకులు దిగ్గొట్టి వెళ్ళారు. ఇసుక కుప్ప ఎగువ వీధిలో పడింది, కంకర దిగువ వీధిలో పడింది. రెండు సంఘాలూ నెలకోసారి మైకుల్లో కలుసుకుంటున్నాయి. చెత్తబండి తగువు కూడా అలాగే తేల్చుకున్నారు. తిట్టుకోవడం మాత్రం మానలేదు, ఉన్న ఒక్క సరదా ఎందుకు పోగొట్టుకుంటారు?

వంతెన పొడవు నూట నలభై అడుగులు ఉంటుందని ఇంజినీరు చెప్పాడు. తాత ఇంటి గేటు నుంచి వీధి చివర ఇస్త్రీ బండి దాకా కొలిపించాడు. సరిగ్గా నూట నలభై. రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని అంత దూరం నడుస్తున్నాడు. మొదట్లో మధ్యలో రెండుచోట్ల ఆగేవాడు. ఇప్పుడు ఒక్కచోటే ఆగుతున్నాడు.

"మామయ్యగారూ, తుంటి నొప్పి ఎక్కువవుతుందేమో" అంటుంది కోడలు.

"బస్సు ఎక్కొద్దన్నావు గానీ వంతెన ఎక్కొద్దనలేదుగా అమ్మాయ్?"

"వంతెనేదీ?"

"ఇదిగో, దీని మీదే నడుస్తున్నాను. కింద నీళ్ళు జోరుగా ఉన్నాయి, నువ్వు జాగ్రత్త."

వరండా కుర్చీలోంచి చూస్తున్న రైట్ రైట్ గారు, "హోల్డాన్, తాతా, ఆగి ఎక్కించుకో" అంటాడు. తాత ఇస్త్రీ బండి దాకా వెళ్ళి, అక్కడున్న రాయి మీద కూర్చుంటాడు. ఆయన లెక్కలో అది కింది మెట్టు. పై మెట్టు ఖాళీగా ఉంటుంది. కాసేపు కూర్చుని, నడుం వంగినట్టు గుర్తొచ్చి, నిటారుగా సర్దుకుని, మళ్ళీ వెనక్కి నడుస్తాడు.

ఆఫీసులో విన్న 'ఒరేయ్' చెవుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. తాతకి కీ ఇచ్చిన గడియారం సంగతి తెలుసు: ఎంత గట్టిగా బిగించినా దాని గడువు దానికుంటుంది, ముందు చప్పుడు సన్నబడుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. ఈ మూడు నెలల్లో కొంచెం సన్నబడింది కూడా. వంతెన లేచే దాకా నడవాలి మరి.

సాయంత్రం అయిదింటికి గట్టు మీదికి వెళ్ళి, ఎర్ర తలల మేకుల మధ్య నిలబడి తువ్వాలు ఊపాడు. అటు అక్క వెనక గుమ్మంలోకి వచ్చింది. మిల్లు రంపం రయ్యిమంటోంది. చుట్టూ ఎవరూ లేరు. అక్క నోరు గుండ్రంగా తెరుచుకుంది, తర్వాత పక్కలకి సాగింది.

"ఆఁ, అక్కా" అన్నాడు తాత, ఆవిడకి వినబడదని తెలిసీ. "వస్తున్నా."